బొడ్డు ఊడేదాకా ఏం రాయాలి? పురిటి గదుల్లో పనిచేసిన నర్సు సమాధానం

నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాప పుట్టి ఆరు రోజులైంది. పురుడు ప్రభుత్వాసుపత్రిలో జరిగింది, ఇప్పుడు పుట్టింట్లో ఉన్నారు. డిశ్చార్జ్ చేసేటప్పుడు నర్సు ‘బొడ్డుకి ఏమీ రాయొద్దు’ అని చెప్పి పంపారు. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఆముదంలో పసుపు కలిపి రాయమంటున్నారు. బొడ్డు నల్లబడింది, కొంచెం వాసన వస్తోంది, మొదలు దగ్గర తడిగా ఉంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు.

ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తానమ్మా. ఏమీ రాయకండి. ఆముదం వద్దు, పసుపు వద్దు, పౌడర్ వద్దు. నల్లబడటం మంచిదే, ఎండుతోందని అర్థం. మొదలు దగ్గర కాస్త జిగురుగా ఉండటం, దగ్గరికి వెళ్లి చూస్తే కొద్దిగా వాసన రావడం కూడా ఊడే ముందు చాలామంది పిల్లల్లో ఉంటుంది. కానీ మీ పాపను నేను చూడలేదు కాబట్టి ఈరోజే ఒక పని చేయండి. పగటి వెలుతురులో బట్ట తీసి, బొడ్డు చుట్టూ ఉన్న పొట్ట చర్మం చూడండి. చర్మం మామూలు రంగులో, మెత్తగా ఉండి, పాప బాగా పాలు తాగుతూ ఉంటే భయం లేదు. చర్మం ఎర్రబడినా, గట్టిగా ఉబ్బినా, చీము కారుతున్నా, ముట్టుకుంటే పాప ఏడుస్తున్నా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నేను స్టాఫ్ నర్సుగా సర్వీసంతా మన రెండు జిల్లాల పురిటి గదుల్లోనే చేశాను. మొదట సీతంపేట ఏజెన్సీలో (అప్పుడది శ్రీకాకుళం జిల్లాలోదే, 2022 నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది), తర్వాత విజయనగరం వైపు. అన్ని చోట్లా తల్లులు అడిగింది ఇదే ప్రశ్న. అందుకే ‘రాయొద్దు’ అని ఊరుకోకుండా, ఎందుకు రాయకూడదో కూడా చెప్తాను. కారణం తెలిస్తే అమ్మమ్మకి మీరే చెప్పుకోగలరు.

బొడ్డుతాడు సుమారు యాభై సెంటీమీటర్ల పొడవుంటుంది. లోపల మూడు రక్తనాళాలు. ఒక సిర మాయ నుంచి బిడ్డకి మంచి రక్తం తెస్తుంది, రెండు ధమనులు బిడ్డ నుంచి వెనక్కి తీసుకెళ్తాయి. వాటి చుట్టూ వార్టన్ జెల్లీ అనే జిగురు పదార్థం ఉంటుంది. తాడు కోసిన చోట ఆ మూడు రంధ్రాలూ ఉన్నాయో లేదో మేం చూస్తాం. తాడులో నరాలు ఉండవు కాబట్టి కోసినప్పుడు బిడ్డకి నొప్పి తెలియదు. క్లిప్పు వేశాక మిగిలిన ముక్కకి రక్తం అందదు. జెల్లీలోని నీరు ఆవిరై, ముక్క ముడుచుకుని, పచ్చగా, గోధుమ రంగుగా, చివరికి నల్లగా మారుతుంది. పండిన దోసకాయ తొడిమ నుంచి తనంతట తాను విడిపోయినట్టు ఐదు నుంచి పదిహేను రోజుల్లో ఊడిపోతుంది. ఆపరేషన్ చేసి తీసిన పిల్లలకి కొంచెం ఆలస్యం కావచ్చు.

ఈ పని జరగడానికి కావలసింది గాలి తగలడం, పొడిగా ఉండటం, అంతే. ఆముదం రాస్తే తడి లోపలే నిలిచిపోతుంది. మన తీరంలో ఉక్కపోత ఎలాగూ ఎక్కువ, దానికి నూనె కూడా తోడైతే ఊడడం ఇంకా ఆలస్యమవుతుంది. పసుపుకి క్రిముల్ని ఆపే గుణం ఉన్న మాట నిజమే. కానీ డబ్బాలో ఉన్న పసుపు శుభ్రం చేసిన మందు కాదు. అది కళ్లంలో ఎండి, మిల్లులో ఆడి, ఎన్నో చేతులు మారి ఇంటికొచ్చింది. పౌడర్ తడికి అంటుకుని గడ్డకట్టి, దాని కింద చర్మం చెమ్మగిల్లి ఒరుస్తుంది. కాటుక, బూడిద, పిడకల పొడి సంగతి ఇంకా ప్రమాదం. ఎందుకంటే కొన్ని రోజుల పాటు ఆ రక్తనాళాలు పూర్తిగా మూసుకుపోవు. బొడ్డు దగ్గర చేరిన క్రిమి ఆ సిర దారిలో నేరుగా కాలేయం వైపు, రక్తంలోకి వెళ్లగలదు. పెద్దవాళ్ల చేతి మీద గాయానికి, వారం బిడ్డ బొడ్డుకి ఉన్న తేడా ఇదే.

ధనుర్వాతం గురించి ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ తరం తల్లులు దాన్ని చూడలేదు, చూడకపోవడం మన అదృష్టం. దాని క్రిమి గుడ్లలాంటి రూపంలో మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఇంటి దగ్గర పురుడు పోసి, కొడవలితోనో వెదురు బద్దతోనో పాత బ్లేడుతోనో తాడు కోసి, పైన పేడో బూడిదో అద్దినప్పుడు అది లోపలికి వెళ్లేది. బిడ్డ మొదటి రెండు రోజులు చక్కగా ఏడుస్తుంది, పాలు తాగుతుంది. వారం తిరిగేసరికి నోరు తెరవలేదు, రొమ్ము పట్టలేదు, ముట్టుకుంటే చాలు ఒళ్లు విల్లులా బిగుసుకుపోతుంది. ‘గాలి తగిలింది’ అని మంత్రం వేయించేవారు. ఆ బిడ్డల్లో చాలామంది బతికేవారు కాదు. గర్భిణులకి టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు, బొడ్డుకి ఏమీ రాయకపోవడం, ఈ నాలుగూ కలిసి దాన్ని వెనక్కి నెట్టాయి. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని దాదాపు తొలగించిన రాష్ట్రంగా మన దేశంలో మొదట గుర్తింపు పొందింది ఆంధ్రప్రదేశే, 2003లో. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. అయితే మశూచి పోయినట్టు ఇది పోలేదు. క్రిమి మట్టిలో అలాగే ఉంది. అందుకే గర్భం తెలియగానే ఒక టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఇంజెక్షన్, నాలుగు వారాల తర్వాత రెండోది ఇప్పటికీ వేస్తున్నారు. మూడేళ్లలోపు ముందు కాన్పుకి రెండూ వేయించుకుని ఉంటే ఒక్క బూస్టర్ చాలు.

అమ్మమ్మ ఇంకో మాట కూడా అనవచ్చు. ‘మీ అమ్మకి ఆసుపత్రిలోనే నీలం మందు రాశారు, ఇప్పుడేటి వద్దంటారు?’ అని. ఆమె చెప్పేది నిజమే. ఒకప్పుడు మేమే స్పిరిట్‌తో తుడిచి, జెన్షన్ వయొలెట్ రాసేవాళ్లం. తర్వాత పోల్చి చూస్తే స్పిరిట్ వల్ల బొడ్డు ఊడటం ఆలస్యమవుతోందని, శుభ్రంగా కాన్పు జరిగిన చోట ఏమీ రాయకపోయినా బిడ్డలు బాగానే ఉంటున్నారని తేలింది. అందుకే మానేశాం.

క్లోర్‌హెక్సిడిన్ అనే మందు గురించి ఎవరైనా చెప్పి ఉంటే, దాని సంగతి ఇది. నేపాల్‌లో ఇళ్లలో పుట్టిన పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షలో ఆ మందు మరణాలు తగ్గించిందని 2006లో ప్రచురించారు, అక్కడ ప్రభుత్వం దాన్ని ఇంటింటికీ ఇచ్చింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, బొడ్డుకి పేడ లాంటి హానికరమైనవి రాసే అలవాటు బాగా ఉన్న చోట్ల మొదటి వారం దాన్ని వాడవచ్చని. మిగతా అందరికీ శుభ్రంగా, పొడిగా ఉంచమనే చెప్తోంది. ఆసుపత్రిలో పుట్టిన మీ పాపకి డాక్టర్ రాసివ్వకుండా అది అవసరం లేదు. ఎక్కడైనా వాడుతున్నా కంటి మందులకి దూరంగా పెట్టాలి. చుక్కల మందు అనుకుని కంట్లో వేసి చూపు దెబ్బతిన్న పిల్లలు కొన్ని దేశాల్లో ఉన్నారు.

ఇక రోజూ ఏం చేయాలంటే, చాలా కొద్ది పని. పాపను ఎత్తుకునే ముందు, ముఖ్యంగా బట్ట మార్చాక, సబ్బుతో చేతులు కడుక్కోండి. పురిటి గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ ఇదే చెప్పండి, మొహమాటపడొద్దు. లంగోటీ గానీ డైపర్ గానీ బొడ్డు కిందికి మడిచి కట్టండి, మూత్రం పైకి తగలకుండా. పొట్ట చుట్టూ గుడ్డ బిగించి కట్టే అలవాటుంటే మానండి. బొడ్డుకి మూత్రమో దొడ్డికో తగిలితే కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన శుభ్రమైన మెత్తని గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్దండి. ఊడేదాకా తొట్టిలో కూర్చోబెట్టి నీళ్లు పోయకుండా, తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే సరిపోతుంది. పురిటి స్నానం అని కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెట్టి పోసే స్నానం బొడ్డు ఊడి, ఆ చోటు ఆరాక మొదలుపెట్టుకోవచ్చు. అప్పటిదాకా నూనె మర్దన చేతులకి, కాళ్లకి, వీపుకి చేసుకోండి, పొట్ట మీద నూనె బొడ్డు వైపు జారనివ్వకండి. వేడి తమలపాకు, నిప్పుల మీద కాచిన అరచేతి కాపడం రెండూ బొడ్డు మీద వద్దు. ఆ చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే మన చేతికి గోరువెచ్చగా తోచింది దానికి కాలుతుంది. క్లిప్పు దానంతట అదే బొడ్డుతో పాటు రాలుతుంది. సగం ఊడి వేలాడుతున్నా లాగొద్దు. లాగితే లోపల మానని చోట రక్తం వస్తుంది.

ఊడిన రోజు బట్ట మీద రెండు మూడు చుక్కల రక్తం కనబడితే భయపడకండి. శుభ్రమైన గుడ్డతో కాసేపు మెత్తగా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. ఆగకుండా కారుతూ ఉంటే, ఆగి మళ్లీ మళ్లీ వస్తుంటే వెంటనే ఆసుపత్రికి. పుట్టగానే తొడకి విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా అని డిశ్చార్జ్ కాగితం చూడండి. అది పడకపోతే బిడ్డకి రక్తం గడ్డకట్టే శక్తి తక్కువగా ఉంటుంది. ఇంకొక సంగతి మన ప్రాంతంలో తప్పకుండా చెప్పాలి. మీది మేనరికం అయితే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 13 పుట్టుకతోనే లేని జబ్బు ఒకటుంది. చాలా అరుదు, కానీ దగ్గర చుట్టరికంలో పెళ్లిళ్లు అయిన కుటుంబాల్లో కనబడే అవకాశం ఎక్కువ, దాని మొదటి గుర్తు చాలాసార్లు బొడ్డు నుంచి ఆగని రక్తమే. మామూలు రక్తపరీక్షల్లో అది దొరకదు, దానికి వేరే పరీక్ష చేయాలి. అలాగే మూడు నాలుగు వారాలు దాటినా బొడ్డు ఊడకపోతే కూడా చూపించాలి. తెల్లకణాల లోపం వల్ల అలా జరిగే అరుదైన జబ్బూ ఒకటి ఉంది, అదీ మేనరికాల్లో ఎక్కువే. ఇది చెప్పేది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. డాక్టర్‌కి ఆ ఒక్క మాట తెలిస్తే సరైన పరీక్ష త్వరగా జరుగుతుంది.

పరుగెత్తాల్సిన గుర్తులు మళ్లీ ఒకసారి, ఎందుకంటే ఇవి మర్చిపోకూడదు. బొడ్డు నుంచి పొట్ట మీదికి పాకుతున్న ఎరుపు. చీము, కుళ్లు వాసన. పాలు తాగడం తగ్గించడం లేదా మానేయడం. ఎత్తుకుంటే వేలాడిపోయినట్టు మగతగా ఉండటం. ఒళ్లు వేడెక్కడం, 99.5 డిగ్రీలు దాటడం, లేదా దానికి విరుద్ధంగా పొట్ట కూడా చల్లగా తగలడం. నెలలోపు బిడ్డకి జబ్బు చేస్తే జ్వరం రాకుండా చల్లబడటం కూడా అంతే ప్రమాదం, చాలామంది దాన్ని పట్టించుకోరు. ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి అరవై లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీయడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. శ్రీకాకుళం జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి)లో, విజయనగరం ఘోషా ఆసుపత్రిలో పసిబిడ్డలకి ప్రత్యేక విభాగం ఉంది. ఏడాదిలోపు బిడ్డకి జబ్బు చేస్తే ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, రవాణా అన్నీ జననీ శిశు సురక్ష పథకం కింద ఉచితం, డబ్బు గురించి ఆలోచించి ఆగొద్దు. దారిలో మందుల షాపులో ఆగి యాంటీబయాటిక్ చుక్కలు కొనడం, ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించి చూద్దామనుకోవడం మాత్రం చేయకండి. బొడ్డు ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కితే గంటల లెక్కలో మారిపోతుంది.

ఊడిపోయాక లోపల ఎర్రగా, చెమ్మగా బఠాణీ గింజంత కండ మిగిలి, రోజూ బట్టకి పచ్చటి మరక అంటుతుంటే అది గ్రాన్యులోమా. ప్రమాదం కాదు, సిల్వర్ నైట్రేట్ తగిలించి డాక్టర్లు నయం చేస్తారు. కొందరు డాక్టర్లు ఉప్పు పెట్టమంటారు, అది వాళ్లు చూసి, ఎంతసేపు పెట్టాలో చెప్పాకే చేయాలి. బొడ్డు నుంచి నీళ్లలా మూత్రం గానీ దొడ్డి లాంటిది గానీ వస్తే లోపలి దారి మూసుకోలేదని అర్థం, సర్జన్‌కి చూపించాలి. ఏడ్చినప్పుడు బొడ్డు ఉబ్బితే రూపాయి బిళ్ల పెట్టి కట్టడం మన వైపు ఇంకా ఉంది. దానివల్ల ఏమీ తగ్గదు, కింద చర్మం ఒరిసి పుండు పడుతుంది. ఆ ఉబ్బు చాలామందికి నాలుగైదేళ్లు వచ్చేసరికి తనే పోతుంది. గట్టిపడి, నొక్కినా లోపలికి పోకుండా, పాప వాంతులు చేసుకుంటే మాత్రం వెంటనే చూపించాలి.

మీరు ప్రశ్న చివర్లో ఒక మాట రాశారు, ‘పాప పేగు మెడలో వేసుకుని పుట్టింది, మేనమామ ఇంకా చూడలేదు’ అని. నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి తాడు మెడ చుట్టూ ఉంటుంది. తల బయటికి రాగానే మేం వేలితో తప్పించేస్తాం. చాలామందికి దానివల్ల ఏ హానీ ఉండదు. అలా పుట్టిన బిడ్డ ముఖాన్ని మేనమామ ముందు నూనెలో చూసి, తర్వాతే నేరుగా చూసే ఆచారాన్ని నేను కాదనను, మీ ఇంటి పెద్దల తృప్తి అది. నూనె గిన్నె పాప పక్కన కాకుండా కొంచెం దూరంగా పెట్టండి, వచ్చిన మేనమామని చేతులు కడుక్కున్నాకే ఎత్తుకోనివ్వండి. ఊడిన బొడ్డును వెండి తాయెత్తులో పెట్టి మొలకి కట్టడం కూడా అంతే. పూర్తిగా ఎండాక మూత గట్టిగా పెట్టించి కట్టుకోండి, దారం బిగుతుగా వద్దు, పాప నోట్లోకి అందేలా వద్దు.

బొడ్డుతాడు రక్తం దాచిపెడతామని ప్రైవేటు బ్యాంకుల వాళ్లు ఫోన్ చేసి పెద్ద మొత్తాలు అడుగుతారు. బిడ్డకే భవిష్యత్తులో వాడుకోవడానికి అలా దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి తన మార్గదర్శకాల్లో రాసింది. ఆ రక్తం పుట్టినప్పుడే బిడ్డకి అందడం మేలు. బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం, వీలైతే మూడు నిమిషాల దాకా ఆగి తాడుకి క్లిప్పు వేస్తే మాయలోని రక్తం ఎనభై నుంచి నూరు మిల్లీలీటర్ల దాకా బిడ్డలోకి వెళ్తుంది. అందులోని ఇనుము తర్వాతి నెలలకి నిల్వ. 2019–21 జాతీయ సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవై ఏడు మందికి రక్తహీనత ఉందని తేలిన దేశం మనది. బిడ్డ పుట్టగానే ఊపిరి తీయకపోతే మాత్రం వెంటనే కోసి చూడాల్సి వస్తుంది. అప్పుడు నర్సుని ‘ఎందుకు ఆగలేదు’ అని అడగకండి. మీ చెల్లికో వదినకో నెలలు నిండుతుంటే ‘తాడు వెంటనే కోయకుండా కాసేపు ఆగండి’ అని ముందే అడగమని చెప్పండి.

సీతంపేట, సాలూరు కొండల మీద నుంచి ఇది చదివే వాళ్లు ఉంటే వాళ్లకో మాట. డోలీలోనో 108లోనో దారిలోనే బిడ్డ పుట్టేస్తే తాడు కోయడానికి కంగారుపడొద్దు. ఇంట్లోని కత్తి, బ్లేడు ముట్టుకోవద్దు. బిడ్డను పొడి గుడ్డతో తుడిచి, తాడు అలాగే ఉండగా తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. మాయ బయటికి వచ్చేస్తే శుభ్రమైన కవరులో పెట్టి బిడ్డ పక్కనే ఉంచి తీసుకురండి. తాడు కోయకపోవడం వల్ల బిడ్డకి నష్టం లేదు, మురికి బ్లేడు వల్ల ఉంది. కాన్పుకి ముందే కిందికి వచ్చి ఉండగలిగితే ఇంకా మంచిది, సాలూరులో గిరిజన గర్భిణుల కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వసతి గృహం నడిపింది ఇందుకే.

ఇక మీ అమ్మమ్మ సంగతి. ‘మేమందరం ఆముదంతోనే పెరిగాం, ఏటైపోనాం?’ అని ఆమె అంటే వాదించకండి. ఆమె తరంలో పోయిన పిల్లల సంగతి ఆమెకే బాగా తెలుసు, మెల్లగా అడిగితే చెప్తుంది కూడా. ఆమెకి పాప మీద ఉన్నది ప్రేమ, ఆ చేతులకి పని కావాలి. నూనె మర్దన చేసే పని, గుడ్డలు ఉతికి ఎండలో ఆరేసే పని ఆమెకి ఇవ్వండి. బొడ్డు చుట్టూ చర్మం రంగు రోజూ చూసే పని కూడా ఆమెకే అప్పజెప్పండి. ఇలా చేశాక అమ్మమ్మలే అందరికన్నా ముందు తేడా పట్టుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

రేపు పాపకి ఏడో రోజు. ఆసుపత్రి కాన్పు అయితే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి. ఆమె వచ్చినప్పుడు బట్ట విప్పి బొడ్డు చూపించండి, వాసన సంగతి చెప్పండి, పాప బరువు తూయించండి. అమ్మమ్మని పక్కనే కూర్చోబెట్టుకోండి, ఏమీ రాయొద్దనే మాట ఆశా నోటి వెంట ఆమె కూడా వింటుంది.